గడియారాలాయన గుమ్మం

ఆ టకటక ఏంటే అమ్మాయ్? పక్కింట్లో టైల్స్ వేస్తున్నారా? వెయ్యనీ, వెయ్యనీ. ఆ చప్పుడు వింటే మా మేనమామ గుర్తొస్తాడు. టైల్స్ మేస్త్రీ. పనెంత చక్కనిదో నోరంత పెద్దది. "ఆ సిమెంటు కాస్త నీ నోటికి పూసుకోకూడదటయ్యా!" అనేది మా అత్త. ఎవరింట్లో పనిచేసినా చివర్న గుమ్మంలో నల్లరాతి ముక్కలతో స్వస్తికం పొదిగేసేవాడు. ఇంటివాళ్ళని అడగడమా, అబ్బే! "మేలు జరగాలని పెట్టేదానికి పర్మిషన్ ఏంట్రా?" అనేవాడు. అలాగే గడియారాలు బాగుచేసే ముసలాయన ఇంట్లోనూ పెట్టేశాడు. సాయంత్రం ఆయన కొట్టునుంచి వచ్చాడు. సంచీ పట్టుకుని గుమ్మం బయటే ఆగిపోయాడు. మా మామేమో, "ఆరిపోయిందండీ, అంటుకోదు, తొక్కండి, తొక్కండి!" అని ఒకటే పిలుపులు. నేనక్కడే ఉన్నా కదా, సిమెంటు కలుపుతూ. ఆయన మొహం పాలిపోయింది.

ఏం జరిగిందంటే, ఆయన యూదుడట, ఎప్పుడో పరదేశం నుంచి వచ్చి మా ఊళ్ళో ఉండిపోయాడు. ఆయన చిన్నప్పుడు అక్కడ ఈ గుర్తున్న జెండాలతో వచ్చిన సైనికులు వాళ్ళమ్మనీ ఇద్దరక్కల్నీ లాక్కుపోయారట. పుట్టిన మతమే నేరమట. మళ్ళీ తిరిగి రాలేదు. మామ ఊరుకుంటాడా? వాదనకి దిగాడు. "ఇది వేల ఏళ్ళనాటిదండీ! పాత కుండల మీదా రాళ్ళ మీదా ఎన్ని దేశాల్లో ఉందో! నాకు మా అమ్మ నేర్పింది. దొంగ నా చొక్కా వేసుకుని దోచుకుంటే చొక్కాదా తప్పు?" ఆయన మెల్లగా, "చొక్కాది తప్పు కాదయ్యా. కానీ మా అమ్మని చివరిసారి చూసింది ఆ చొక్కా పక్కనే" అన్నాడు. అంతే. నమ్ముతావా, మామ ఉలి తీసుకుని తనే కూర్చుని, ఒక్కో ముక్కా ఊడబెరికాడు. ఆ చోట మామూలు తెల్లరాయి వేశాడు. ఆయన లోపలికెళ్ళి దీపం వేసుకున్నాక గానీ కదల్లేదు. నాకైతే ఏడుపొచ్చేసింది.

తర్వాత ఇద్దరూ ఒకటే స్నేహం. ఒకసారి ఆయన మామింటికి భోజనానికి వస్తున్నాడని మామ హడావుడి చూడాలి! మామ గుమ్మంలోనూ ఉందిగా మరి వాళ్ళమ్మ నేర్పిన ఆ గుర్తు, దాని మీద పాత దుప్పటి పరిచాడు. అత్తేమో, "కుక్క పడుకునే దుప్పటయ్యా అది!" అని గోల. ఆయనొచ్చి, వంగి, దుప్పటి తీసి మడతపెట్టి మామ చేతికిచ్చాడు. కాసేపు ఆ గుర్తు వంకే చూశాడు. మామ కంగారుపడి, "కష్టంగా ఉంటే పెరటి వైపు నుంచి రండి బాబూ" అన్నాడు. ఆయన, "కష్టంగానే ఉంది, లేకేం. కానీ మీ అమ్మగారిని గుడ్డకింద దాచి నన్ను పిలుస్తావుటయ్యా?" అంటూ చెప్పులు విడిచి, దాని పక్కగా అడుగేసి లోపలికొచ్చాడు.

...ఊఁ. ఆ కిటికీ వేసెయ్యవే, దుమ్మొస్తోంది.