మెరుపులమ్మకి ఎర్తు లేదు

సూరీడమ్మకి అమ్మవారు నా కలలోకొచ్చిందని చెప్పింది నేనే. ఏ అమ్మవారూ రాలేదు, ఏ కలా పడలేదు. ఈ ముక్క మా అత్తకి కూడా ఇంతవరకూ నోరు విప్పి చెప్పలేదు. ముంతలవలస మైదానంలో మెరుపులమ్మ వెలిసిందని చుట్టుపక్కల పదూళ్ళ జనం ఎగబడి మొక్కులు చెల్లిస్తన్నారంట కదా, ఆ మెరుపులమ్మ ఎవరో తెలుసా? మా రంగులరాట్నం కరెంటు పెట్టె. నవ్వుతారేటి? నవ్వండి. మొదట్లో నేనూ నవ్వినాను.

మా అత్త గౌరమ్మ, రాట్నం ఆవిడది. మావయ్య పోయాక ఆ రాట్నం, ఒక డొక్కు లారీ, అన్నం పెట్టి సాకిన మేనకోడల్ని నేనూ, ఇవే ఆవిడకి మిగిలినవి. అమ్మవారి సంబరం, అదే జాతర, ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి మా లారీ. లారీలోనే వంట, లారీలోనే పడక. అయితే ఏటైందంటే, ఏ ఊరి కమిటీవోళ్ళయినా కరెంటు మైదానానికి ఆ కొసన స్తంభం కాడ ఇస్తారు, మమ్మల్నేమో ఈ కొసన దిగమంటారు. అంచేత పెట్టె స్తంభానికే తగిలించాల. ఓల్టేజీ ఎక్కినా దిగినా మోటారు కాలిపోకుండా తనంతట తనే ఆపీసి పెట్టె అది. బజార్లో కొన్నది కాదు, నేను చేసినది. ఏడో తరగతిలో బడి మానీసిన దాన్ని నేను. ఫోన్లో చూసి, పాత సామాన్ల కొట్లో ఇనప డబ్బా ఏరుకొచ్చి, రెండుసార్లు వేళ్ళు కాల్చుకుని చేసినాను. లోపల కరెంటుంటే వెలగడానికి పైన ఒక ఎర్రబల్బు పెట్టినాను. ఆ బల్బు చూసుకుని నాకెంత గీరో.

మరి మన సామాను మన కళ్ళకి ఆనని చోట వేలాడతంటే దొంగకి పండగే కదా. ఒక సంబరంలో వైరు కోసుకుపోనారు. గొలుసేసి తాళం పెట్టినాం. తాళం కొత్తది కదా, దాన్నీ పట్టుకుపోనారు, పాత గొలుసు మాత్రం మాకొదిలీసినారు, మర్యాదస్తులు! పెట్టె కాడ కాపలా ఉండమని లారీ డ్రైవరు దాలినాయుడు మావని కూకోబెట్టినాం, ఆయన కునుకు తీసి లేచేసరికి ఆయన చెప్పుల్లేవు. కమిటీ కాడికెళ్తే "మీ సామానుకి మాదా పూచీ?" అన్నారు. పోలీసు స్టేషనుకెళ్తే, పెట్టెకి బిల్లుందా అన్నాడు అక్కడోడు. నేనే చేసినాను సార్ అంటే, "నువ్వు చేసినావా? అయితే, పోయినా మళ్ళీ చేసుకో" అన్నాడు. ఒళ్ళు మండిపోయినాది నాకు. లారీలో బతికేవోళ్ళ సామాను సామాను కాదా? ఇల్లున్నోడి ఇంట్లో చెంచా పోతే ఊరంతా కర్రలట్టుకుని లెగుస్తారు కదా!

ఆఖరికి ఎర్తు వైరు కూడా పట్టుకుపోనారు. ఎర్తంటే తెలుసు కదా, పెట్టెలో కరెంటు డబ్బాకి కారితే దాన్ని మన ఒంట్లోకి రానీకుండా భూమిలోకి లాక్కుపోయే తీగ. రాగిది. రాగి కనబడితే ఆగుతారా. ఇంకోటి కట్టాల. ఇదిగో కడతాను, అదిగో కడతానని నేను కట్టలేదు. ఇది రెండో తప్పు, ఇదీ ఎవరికీ చెప్పలేదు.

అలాగే ముంతలవలస సంబరానికొచ్చినాం. దిగిన పూటే నాకు బుద్ధి పుట్టినాది. దొంగ పోలీసుకి భయపడడు, కుక్కకి భయపడడు, మరి దేనికి భయపడతాడు? పెట్టెకి ఒత్తుగా పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, వేపమండలు కట్టి, ఎర్ర రవికగుడ్డ చుట్టినాను. ఎర్రబల్బు సరిగ్గా నుదుటి మీద వచ్చినాది. అత్త నీళ్ళ బిందెతో వచ్చి చూసి, చేతిలో బిందె దించకుండానే దండం పెట్టీసినాది. "అత్తా, అది మన పెట్టే" అంటే, "ఒలే బంగారీ, నీ బుర్రకి దిష్టి తగల! నాకే భయమేసినాది, ఇంక దొంగనాకొడుక్కి వేయదా?" అని ఒకటే నవ్వు. నిజంగానే మూడు రోజులు ఎవడూ చెయ్యేయలేదు.

నాలుగో రోజు పొద్దున్న సూరీడమ్మ వచ్చినాది. ఆ ఊళ్ళో పెద్ద ముత్తైదువ అనుకోండి, అమ్మవారి ఘటం ఎత్తేది ఆవిడే, ఆవిడ మాటంటే ఊళ్ళో రెండో మాట లేదు. చేతిలో పసుపునీళ్ళ చెంబు. "ఎవరే గుంటా ఈ తల్లి? మా ఊళ్ళో ఎప్పుడూ చూడలేదు" అన్నాది. "పెట్టె, పెద్దమ్మా" అనాల కదా నేను? అనలేదు. దేవుడి పేరుతో వేషాలేస్తన్నారని కమిటీకి చెప్పి తన్నిస్తాదేమోనని హడలిపోయి, "మెరుపులమ్మ. కలలోకొచ్చి, నన్నీ స్తంభం కాడ నిలబెట్టమన్నాది" అనీసినాను. ఎంత బాగా అన్నానంటే నా మాటకి నాకే రోమాలు లెగిసినాయి. ఆవిడ గభాల్న చెంబెడు నీళ్ళూ పెట్టె మీద కుమ్మరించి, రెండు చేతుల్తోనూ పట్టుకున్నాది.

పట్టుకుని ఒక్క ఎగురు ఎగిరి వెనక్కి పడినాది. ఆవిడ లేచి కూకుని, కొప్పూడిపోయి, కళ్ళమ్మట నీళ్ళు, "పలికినాదే! తల్లి నా చేతుల్లో పలికినాదే!" అని కేక. ఒళ్ళంతా ఝల్లుమన్నాదంట, ఏళ్ళ నాటి మోకాలు నొప్పి చేత్తో తీసినట్టు పోయినాదంట. నాకు తెలుసు అది ఏటో. ఎర్తు లేని డబ్బా మీద నీళ్ళు పోస్తే పలక్క ఏం చేస్తాది? సాయంత్రానికి అక్కడ నిలబడ్డానికి చోటు లేదు. పలికించుకోడానికి జనం వరస కట్టినారు.

సంబరం అయిపోయినాది, పెట్టె విప్పుకుందామని వెళ్ళినాం. కమిటీ పెద్ద తవిటినాయుడు, వెనకాల పాతికమంది. "ఎక్కడికమ్మా పట్టుకుపోతన్నారు?" అన్నాడు. "మా పెట్టె బావూ, వచ్చే సంబరానికెళ్ళాల" అన్నాది అత్త. "పెట్టేటి? అమ్మనట్టుకుని పెట్టంతావేటి?" "బావూ, అది కరెంటు పెట్టె, మా మేనకోడలు చేసినాది, లోపల చూడు, తీగలుంటాయి." "అమ్మ కడుపు విప్పి చూడమంతావా! కళ్ళు పోతాయి నీకు!" మా అత్త మొండిది, స్తంభానికి అడ్డంగా నిలబడి, "దొంగోడు రాత్రొచ్చి ఎత్తుకుపోతాడు, సిగ్గుంటాది వాడికి. మీరు పట్టపగలు దండాలెట్టి మరీ దోచుకుంటన్నారు" అన్నాది. ఎంత మాట! నేను ఎప్పటికీ అనలేను అంత మాట. అప్పుడు తవిటినాయుడు నా వైపు తిరిగి, "ఏమ్మా, కల వచ్చింది నీకే కదా, నువ్వు చెప్పు, అమ్మా, పెట్టా?" అన్నాడు. అత్త నన్ను చూసినాది. కలేటి అన్నట్టు చూసినాది. సూరీడమ్మా చూస్తన్నాది, చేతులు జోడించుకుని.

నేను నేల చూసినాను.

వచ్చీసినాం. తరవాతి సంబరంలో పెట్టె లేకుండా రాట్నం తిప్పితే, ఓల్టేజీ ఒక్కసారిగా తన్ని మోటారు కాలిపోయినాది. పిల్లలెక్కిన గుర్రాలు ఎక్కడివక్కడ ఆగిపోయినాయి. అత్త ఇప్పుడు అదే మైదానాల్లో వేరేవోళ్ళ మిఠాయి కొట్టు కాడ గిన్నెలు తోముతన్నాది. నన్ను ఒక్క మాటా అడగలేదు. అడిగినా బాగుణ్ణు.

అక్కడ ముంతలవలసలో ఏటైందంటే, సంబరం వరకే ఇచ్చిన కరెంటు కదా, లైన్‌మాన్ వచ్చి తీసీసినాడంట. బల్బు ఆరిపోయినాది. అమ్మ కన్ను మూసుకున్నాదని ఊరు గొల్లుమంటే, కమిటీవోళ్ళు పైన పోయే లైనుకి రెండు కొక్కేలు తగిలించి కన్ను తెరిపించినారంట. లైన్‌మాన్ మళ్ళీ వస్తే తరిమీసినారంట. చుట్టూ సిమెంటు గట్టు కట్టినారు. వాన పడిన రోజు అమ్మ మరీ బలంగా పలుకుతాదంట. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? సూరీడమ్మే చెప్తాది. నా నంబరు అడిగి తీసుకున్నాది కదా, వారానికోసారి ఫోన్ చేసి "అమ్మ పిలిచిన గుంటవే నువ్వు, బాగున్నావా, తిన్నావా?" అంటాది. కన్నతల్లి అడిగినట్టు అడుగుతాది. నేను ఊఁ కొడతాను.

నిన్న చేసినాది. ఆవిడ గొంతు ఎంత సంబరంగా ఉన్నాదో. "ఒలే, విన్నావా, ఎవరిదో మేకపోతు దానంతటదే గట్టెక్కి అమ్మ కాళ్ళ కాడ పడి ప్రాణం వదిలీసినాది! అడక్కుండా బలి తీసుకున్నాదే తల్లి! మంగళారం నూటొక్క బిందెలతో స్నానం పోస్తన్నాం. మొదటి బిందె నాదే. నా మనవరాల్ని చంకనేసుకుని పోస్తాను, దానికింకా మాట రాలేదు కదా, అమ్మ చేత పలికిస్తాను. నువ్వు రావాల!"

నేను అప్పుడు కూడా ఊఁ అన్నానంటే నమ్ముతారా.

మేకపోతు గట్టెక్కి వేపమండలు తిని ఉంటాది పాపం, దానికేం తెలుసు. నిన్నటి నుంచి ఎవరి మీద మండిపడాలో తెలీక అందరి మీదా మండిపడుతన్నాను. వైరు కోసినోడి మీద, బిల్లడిగినోడి మీద, తవిటినాయుడి మీద. తిట్టగా తిట్టగా చివరికి పసుపంటిన చేతులు నావే మిగిలినాయి. లైన్‌మాన్‌కి చెప్దామా? తరుముతారు. కమిటీకి చెప్దామా? హుండీ పెట్టుకున్నోడికి చెవులుంటాయా? ఆ ఊళ్ళో సూరీడమ్మ వద్దంటేనే ఆగుతారు. ఒక సులువు దారి తోచినాది. అమ్మ మళ్ళీ కలలోకొచ్చినాది పెద్దమ్మా, నాకు నీళ్ళు వద్దన్నాది అంటే చాలు, వెంటనే వినేస్తాది. ఎంత హాయి! నేనూ మంచిదాన్నే అయిపోతాను, రాట్నమోళ్ళని ఎవరూ వెలేయరు. కానీ బిందె ఆపుతాది కల, వానని ఆపుతాదా? తడిచేత్తో ఇంకో ముసలమ్మ ముట్టుకుంటే? కల చెప్పి పెట్టిన మంట ఇంకో కల చెప్తే ఆరదు.

నిజం చెప్తే సూరీడమ్మ తిడతాది. నా నోట్లో పుళ్ళు పడాలంటాది, మా లారీ ఏ ఊరి సంబరంలోనూ దిగకుండా చేస్తాది. మోకాలి నొప్పి కూడా తిరిగొచ్చీస్తాదేమో పాపం, అదీ నా ఖాతాలోనే పడాల. పడనీ. మనవరాలికి మాట రావాలంటే ముందు అది బతికుండాల కదా. ఇవాళ ఆదివారం, మంగళారం రెండు రోజుల్లోకొచ్చినాది. ముందు గిన్నెల కాడికెళ్ళి అత్త పక్కన కూకుంటాను, ఆవిడా వినాల. అక్కడి నుంచే సూరీడమ్మకి ఫోన్ చేస్తాను. ఈసారి నేనే చేస్తాను.