అక్క వదులుకున్న వాటా

1979లో ఒక మధ్యాహ్నం. తండ్రి పోయాక తనకొచ్చిన సగం ఇంటిని తమ్ముడికి వదిలేస్తున్నట్టు దస్తావేజు మీద సంతకం పెట్టి, అక్క కొత్తపేట రిజిస్ట్రారు ఆఫీసు బయటికి వచ్చింది. తమ్ముడు వెనకే వచ్చాడు.

“అక్కా, నామీద కోపంతో కాదుగదా?”

“కోపమెందుకురా? ఇష్టపడే వదులుకున్నాను.”

“ఇంక పుట్టింటికి రావడం మానేస్తావేమోనని నా భయం.”

“మానడమా? క్రిస్మస్‌కి చాలా ముందే వచ్చేస్తాను.”

“హమ్మయ్య! మరి వాటా ఎందుకు వదిలేసేవు?”

“మీ ఆవిడ వల్ల.”

“ఎస్తేరు ఏమైనా అందా?”

“ఒక్క మాట అనదు. ఎంత మర్యాదస్తురాలనీ! నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, ‘ఈ ఇంట్లో మీకూ సగం ఉంది కదండీ వదినగారూ, మొహమాటపడకండి’ అంటూ రోకలి చేతికిస్తుంది. పోయిన పండక్కి అరిసెల పిండంతా నేనే దంచేను. నువ్వేమో కుర్చీలో కూర్చుని పేపరు చదివేవు.”

“అదా సంగతి!”

“అదే. ఇప్పుడు నాకు వాటా లేదు. నేను మీ ఇంటికొచ్చే చుట్టాన్ని. చుట్టం చేత పిండి దంచిస్తారట్రా ఎవరైనా?”

“దంచించరనుకో. మరెవరు దంచుతారు?”

“ఇల్లు ఇప్పుడెవరిది?”

“నాదే.”

“ఆయ్, అంతా తమదేనండి!”

తమ్ముడు వెనక్కి తిరిగి ఆఫీసు లోపలికి తొంగి చూశాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

“అక్కా, రిజిస్ట్రారుగారు ఇంకా భోజనానికి లేవలేదు. సగం మళ్ళీ నీ పేర రాయించెయ్యనా?”