స్తంభం మోసిన మావయ్య

మావయ్య నోరు విప్పాడంటే టీకొట్టు అక్క బెంచీ మీద కూర్చోదు. కూర్చుంటే వింటున్నట్టు లెక్క, వింటే ఆయన ఆగడు. అమ్మకి సొంత తమ్ముడు కాబట్టి పొమ్మనలేదు, ఊహ తెలిసినప్పట్నుంచీ వింటున్న కోతలు కాబట్టి విననూ లేదు. అందుకే ఆయన చెప్తున్నంతసేపూ కడిగిన గ్లాసులే మళ్లీ కడుగుతుంది.

ఆ మధ్యాహ్నం అక్కకి కడిగే ఓపిక కూడా లేదు. రోడ్డు వెడల్పు చేస్తారన్న మాట పుట్టినప్పట్నుంచీ ఆమెకి కంటి మీద కునుకు లేదు. కెటిలు ఎత్తీ ఎత్తీ భుజం లాగేస్తోంది. సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ నుంచి ఫోటోల మేడమ్ వచ్చింది. ఊళ్లో పాత ఫోటోలు పట్టుకుని, అవి ఎక్కడ తీశారో అక్కడే నిలబడి కొత్త ఫోటోలు తియ్యడం ఆవిడ పని. పొద్దున్నుంచీ తిరిగి ఆవిడకీ కాళ్లు పీకుతున్నట్టున్నాయి, వస్తూనే చెప్పులు విడిచి బెంచీ మీద కూలబడింది.

"ఇది మీ కొట్టేనా చూడండి," అంటూ ఒక ఫోటో బల్ల మీద పెట్టింది.

ఫోటోలో గడియార స్తంభం ఉంది. ఎండ పడి దాని అంకెలు తెల్లగా పోయాయి. పక్కనే రేకుల కొట్టు, కొట్టు ముందు దుబ్బు జుట్టుతో ఒక కుర్రాడు. కొట్టు లోపలి మనిషి కనపడడు, కెటిలు పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపిస్తోంది. ఆ కొట్టు పెట్టింది అక్క వాళ్ల నాన్న, పోయేదాకా అందులో టీ కాచింది ఆయనే. అయినా ఎందుకో ఆ చెయ్యి నాన్నది కానట్టే అనిపించింది ఆమెకి. అలసిపోయి అలా అనిపిస్తోంది కాబోలు అనుకుంది.

"ఆ కుర్రాడెవరో పోల్చుకున్నారా? నేనే," అన్నాడు మావయ్య బట్టతల నిమురుకుంటూ.

"అలాగాండీ," అంది మేడమ్. "అయితే ఇందులో కొట్టు స్తంభానికి ఎడమపక్క ఉంది, ఇప్పుడేమో కుడిపక్క ఉంది. ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదండీ. నాన్న పెట్టినచోటే ఉంది," అంది అక్క.

"నీకేం తెలుసు, అప్పటికి నువ్వింకా పుట్టలేదు," అన్నాడు మావయ్య. "మార్చింది నేనే కదా."

పక్క కొట్టు పంచర్ల తమ్ముడు చేతిలో ట్యూబు అలాగే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "అయిపోయాం. మొదలెట్టాడు," అన్నాడు.

"ఓ రోజు పొద్దున్నే వచ్చేసరికి మా బావ, అదే వీళ్ల నాన్న, తల పట్టుకుని కూర్చున్నాడు. ఏంటి బావా అంటే, ఈ పక్క ఎండ మొహాన కొడుతోందిరా, మనిషన్నవాడు కూర్చోవట్లేదు అన్నాడు. ఓస్ అంతేనా అని చొక్కా చేతులు మడిచి, కాస్త జరుపుదామని కొట్టు ఒక మూల పట్టుకుని ఎత్తానా, అది కాస్తా భుజం మీదికొచ్చేసింది. వచ్చాక మళ్లీ దించడం ఎందుకని అలాగే స్తంభం చుట్టూ తిప్పి ఇటుపక్కకి తెచ్చేశాను. పొయ్యి మీద పాలు పొయ్యి మీదే ఉన్నాయి, ఒక్క చుక్క ఒలికితే ఒట్టు. బెంచీ మీద టీ తాగుతున్నవాళ్లని కూడా లేవమనలేదు, వాళ్లతో సహా మోశాను. దార్లో ఒకాయన పంచదార తక్కువైందయ్యా అన్నాడు తప్ప, తను కదులుతున్నట్టు ఆయనకి తెలియనే లేదు."

"అంటే కొట్టు జరిగిందన్నమాట," అని మేడమ్ పెన్ను తీసి రాయడం మొదలెట్టింది.

"జరిగితే ఏమవుతుందండీ?" అని అడిగింది అక్క.

"పాత ఫోటోలో ఉన్నచోటే ఉన్న కొట్లని ఊరి గుర్తుగా ఉంచుతారు. చోటు మారినవి రోడ్డు కోసం తీసేస్తారు. నా చేతిలో ఏం లేదమ్మా, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పంపడమే నా పని."

అక్క మావయ్య వైపు చూసింది. ఆయన గతుక్కుమన్నాడు. ఒళ్లు మండిపోయింది ఆమెకి. ఇన్నాళ్లూ ఈ నోటితో చెవులే పాడయ్యాయి, ఇవాళ కొంప మునిగింది.

"రాయకమ్మా, ఆగు," అన్నాడు మావయ్య. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇటు తెచ్చి దించానో లేదో మా బావ గొడవ పెట్టుకున్నాడు, నా చోటు నాకే కావాలిరా అని. సరేనని మళ్లీ ఎత్తి ఎక్కడిది అక్కడే పెట్టేశాను. కాబట్టి కొట్టు జరగలేదు, రాసుకో."

"మరి ఫోటోలో అటుపక్క ఉందేంటండీ?"

మావయ్య ఫోటో మీదికి వంగాడు. "అదా. జరిగింది కొట్టు కాదు, స్తంభం. జరిపింది నేనే. దాని నీడ పడి టీ చల్లారిపోతోందని అందరూ ఒకటే గోల. ఓ రోజు విసుగొచ్చి, రెండు చేతులా వాటేసుకుని పన్ను పీకినట్టు పీకాను. పీకి కొట్టుకి అవతల నాటాను. పైన పావురాలు నిద్రపోతున్నాయి, లేస్తాయేమోనని ఊపిరి బిగబట్టి నడిచాను. ఒక్కసారి కాలు తడబడింది, గడియారం కాస్త ముందుకి తిరిగింది, ఊళ్లో ఆఫీసులన్నీ ఆ రోజు పొద్దుండగానే వదిలేశారు."

"పావురాలు లేవలేదా మావయ్యా?" అన్నాడు పంచర్ల తమ్ముడు.

"గుడ్డు కూడా కదల్లేదు."

మేడమ్ కళ్లు నులుముకుంది. "స్తంభం ఒక్కటే కాదండీ. రోడ్డు మలుపు కూడా ఫోటోలో అటు తిరిగుంది."

"అక్కడికే వస్తున్నా," అన్నాడు మావయ్య. మొహం మీద చెమట పట్టింది. "స్తంభం జరిపాక రోడ్డు వంకరగా కనపడింది. సరే ఎలాగూ చేతులు మురికయ్యాయి కదా అని, రోడ్డుని చాప చుట్టినట్టు ఆ చివర్నుంచి చుట్టుకొచ్చి ఇటువైపు పరిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు తిరిగేసరికి వీధి మొత్తం తిరిగిపోయింది, తూర్పు పోయి పడమరలో పడింది. అంతకుముందు పొద్దు అటు పొడిచేది. నా మూలాన ఇటు పొడుస్తోంది."

"సూర్యుడు ఒప్పుకున్నాడా?" అన్నాడు పంచర్ల తమ్ముడు.

"ఒప్పుకోక ఏం చేస్తాడు."

ఎవరూ నవ్వలేదు. గొంతు కూడా జీరపోయింది మావయ్యకి. అక్కకి కోపం పోయి జాలేసింది. నోరు జారి పీకల మీదికి తెచ్చింది ఆయనే, అది దిద్దాలని ఇప్పుడు ఊరు ఊరంతా భుజాన వేసుకున్నాడు. దించుకునే దారి తెలియట్లేదు.

"నమ్మట్లేదు కదూ? రుజువు ఫోటోలోనే ఉంది," అంటూ ఆయన లేచి తన చొక్కా జేబు తట్టుకున్నాడు. "దార్లో పడిపోతుందని స్తంభం ఎత్తకముందే గడియారం పెద్దముల్లు ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. చూడు అమ్మాయ్, నువ్వే చూడు, జేబులోంచి మొన బయటికి రాలేదూ?"

అక్క ఫోటో చేతిలోకి తీసుకుంది. అది దువ్వెన. ఆ రోజుల్లో మావయ్య దువ్వెన లేకుండా గడప దాటేవాడు కాదని అమ్మ చెప్పేది. ఆమె చూస్తున్నది దువ్వెనని కాదు.

"మావయ్యా, కదలకుండా అక్కడే నిలబడు," అంది.

ఎదురుగా నిలబడ్డ మావయ్య జేబు ఆమె కుడిచేతి వైపు ఉంది. పక్కనున్న పంచర్ల తమ్ముడి జేబూ అటే ఉంది. ఫోటోలో కుర్రాడి జేబు ఆమె ఎడమచేతి వైపు ఉంది.

"నీ చొక్కాకి జేబు ఎప్పుడైనా కుడివైపు కుట్టించుకున్నావా?"

"కుడివైపు జేబేంటే, పిచ్చా?"

"అయితే నువ్వు కొట్టూ మొయ్యలేదు, స్తంభమూ మొయ్యలేదు, రోడ్డూ చుట్టలేదు. ఫోటోనే కుడి ఎడమలు మారేలా తిరగేసి అచ్చువేశారు."

మేడమ్ ఫోటో లాక్కున్నంత పని చేసింది. దాన్ని ఫోనులో తీసి, తిప్పి, ఎత్తి పట్టుకుంది. స్తంభం, మలుపు, కొట్టు అన్నీ ఎదురుగా ఉన్నవాటితో కలిసిపోయాయి. "పొద్దున్నుంచీ ఈ ఒక్కదాని కోసమే తిరుగుతున్నానండీ," అంది. రాసిన మాట కొట్టేసి, చోటు మారలేదు అని రాసింది.

అక్క ఫోను అందుకుని చూసింది. కెటిలు ఇప్పుడు కుడిచేతిలో ఉంది. మణికట్టు కాస్త వంచి పట్టుకోవడం, అచ్చం నాన్నే. ఏడుపొచ్చింది, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"మావయ్యకి గాలి మొత్తం తీసేశావు కదక్కా," అన్నాడు పంచర్ల తమ్ముడు.

మావయ్య బెంచీ చివర కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు. "అయితే నేనేం చెయ్యలేదన్నమాట," అన్నాడు మెల్లిగా.

"ఏం చెయ్యలేదు. కొట్టు ముందు నిలబడ్డావు, అంతే," అంది అక్క. "నువ్వు అక్కడ నిలబడకపోతే ఇవాళ ఈ కొట్టు లేదు."

ఆయన ఫోటో వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"నిలబడ్డమంటే మాటలనుకుంటున్నారేమో. ఆ రోజు గాలి ఎలా ఉందో తెలుసా..."

అక్క ఆయనకో టీ పోసి ఇచ్చింది. గ్లాసులు పక్కకి నెట్టి, వచ్చి బెంచీ మీద ఆయన పక్కన కూర్చుంది.

"ఎలా ఉంది మావయ్యా?" అంది.