నేనేమైనా క్లాంపునా

ముందు చెక్కని చూశావు. దాని సంగతి తేల్చు ముందు. అంచులు కోసే ట్రిమ్మర్ మిషన్ ఎగిరి, చెక్క పట్టుకున్న నా చేతి మీదికొచ్చింది, గోరు చివర చెక్కేసుకుని పోయింది. నువ్వేమో ఒంగి, ఆ బీరువా తలుపు అంచు తడిమి, "అయ్యో, పెచ్చు లేచిందే" అన్నావు. కట్టుకున్న పెళ్ళాం వేలు చూడ్డానికి మాత్రం తీరిక లేకపోయింది.

నీళ్ళు నమలకు. ఆ స్టూలు మీద కూర్చో. కడిగాన్లే, కడిగాను. టేపు చుట్టుకుంటున్నా. వద్దు, ఒంటి చేత్తో చుట్టుకోగలను, నీ చెయ్యి ఇప్పుడెందుకు?

ఆ గోడకి చూడు, చెక్కని బల్లకి బిగించే నీ క్లాంపులు. నూనె రాసి మరీ వరసగా వేలాడదీశావు, చూడ్డానికొచ్చినవాళ్ళు మెచ్చుకోవాలని. వాడవయ్యా అంటే, ప్రతి అంచుకీ విప్పి మళ్ళీ బిగించాలట, సారుకి విసుగట. పెళ్ళామైతే హాయి. "కొంచెం జరుగు" అంటే జరుగుతుంది. మధ్యలో వెళ్ళి టీ కూడా పెట్టుకొస్తుంది.

ఏంటీ? బిగిస్తే చెక్కకి మచ్చ పడుతుందా? కింద ఓ ముక్క చెక్క పెట్టి బిగిస్తే ఏ మచ్చా పడదని పక్క షాపువాళ్ళకి క్లాసు పీకేది నువ్వే కదా. ఆ పాఠం బయటివాళ్ళకేనా?

ఆ ట్రిమ్మర్‌తో వచ్చిన తంటా ఏంటంటే, అది గుప్పిట్లో ఇముడుతుంది. పెద్ద మిషనైతే భయమేసి రెండు చేతులూ వేస్తావు. దీన్ని ఒక చేత్తో తోస్తూ రెండో చేత్తో చెవి గోక్కుంటావు. చిన్నదైతే మాత్రం? దానికి చెక్కకీ వేలికీ తేడా తెలుసా ఏంటి?

నేను చూడట్లేదనుకోకు. నిన్న దాని కోసే బిట్టు మార్చావు, ప్లగ్గు గోడకే ఉంది. స్విచ్ ఆపాగా అంటావు. మోచెయ్యి తగిలి ఆన్ అయితే? బిట్టు పానాతో బిగించి, ఓసారి లాగి చూసి, ఆ తర్వాత కదా ప్లగ్గు పెట్టాలి. కళ్ళద్దాలు చూస్తే ఎప్పుడూ నెత్తి మీదే, అక్కడేవో కళ్ళున్నట్టు. పనవగానే మిషన్ ఇంకా గిర్రున తిరుగుతుంటే బల్ల మీద పడేస్తావు. ఆగేదాకా పట్టుకుంటే నీ సొమ్మేం పోతుంది?

నాకెవరూ నేర్పలేదు. చెక్క పట్టుకుని గంటలు గంటలు నిలబడితే, చూడ్డానికి ఇక్కడ ఇంకేముంది?

సరే, అవన్నీ పోనీ. ఇవాళ చేసిన ఘనకార్యం చెప్పు. అంచు నీ ఎదురుగా ఉంది. ఎడమ నుంచి కుడికి నడపాలి. అలా నడిపితేనే బిట్టు చెక్కకి ఎదురెళ్ళి కోస్తుంది, మిషన్ నీ మాట వింటుంది. నువ్వేమో వైరు అందట్లేదని కుడి చివర మొదలెట్టావు. లేచి ఎక్స్‌టెన్షన్ బాక్సు తెచ్చుకోడానికి బద్ధకం. ఇంకేముంది, బిట్టు అంచు మీద చక్రంలా పరుగు లంకించుకుంది. ఎటు? ఎడమకి. ఎడమ పక్క ఎవరున్నారు? నేను.

అదీ ఎవరి తలుపు? పళ్ళ డాక్టరు బీరువాది. వేలు ఊడితే ఆయన మాత్రం ఏం అతికిస్తాడు?

నవ్వకు. నాకూ నవ్వొస్తోంది, ఒళ్ళు మండిపోతోంది.

పొరపాటైందా? సరే, ఒప్పుకున్నావు. కానీ ఇక మీదట నేను పట్టుకోను. ఇంకా మూడు అంచులున్నాయి, ఆ క్లాంపులు దించు. అలక కాదు. అలిగితే నువ్వు బతిమాలతావు, నేను మెత్తబడతాను, మళ్ళీ వచ్చి పట్టుకుంటాను. ఆ నాటకం నాకు తెలుసు.

అసలు సంగతి చెప్పనా? చెప్పకూడదనుకున్నా.

మిషన్ నా వైపు వస్తుంటే నేను చూశాను. చెయ్యి తీసేసే టైముంది. తీస్తే చెక్క జారి అంచంతా పాడైపోతుందనిపించింది. తియ్యలేదు. ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నా. వేలు నాదే, బుద్ధి మాత్రం నీది. ఇన్నేళ్ళు నీతో కాపురం చేసినందుకు అంటుకుంది.

నువ్వైతే తిడితే రెండ్రోజులైనా జాగ్రత్తగా ఉంటావు. నన్నెవరు తిడతారు? లే, బిగించు. రేపు మళ్ళీ అలాగే జరిగితే, ఈ చెయ్యి మళ్ళీ వదలదు.