ఫొటోలో పడ్డ బొటనవేలు

అవార్డు అందుకున్న మర్నాడు విలేకరి, తనకు ఆసుపత్రి మందుల రిజిస్టరు ఫొటో తీసిచ్చిన నర్సు ఇంటికి వెళ్ళాడు. ఆమె కుట్టుమిషను ఆపలేదు.

"కాలం చెల్లిన మందులన్నీ తీసేశారక్కా."

"మంచిదే. వాటితోపాటే నన్నూ తీసేశారు."

"మీ పేరు ఎక్కడా రానివ్వలేదు."

"పేరెందుకు తమ్ముడూ? పేజీ పట్టుకున్న నా బొటనవేలు ఫొటోలో పడింది. ఈ కాలిన మచ్చ వార్డులో ఎవరికి తెలీదు? పోనీలే, నువ్వు చూసుకోలేదు."

అవునని తలూపితే సరిపోయేది. అతని వల్ల కాలేదు.

"చూశానక్కా."

మిషను ఆగింది.

"వేలున్న మూల కత్తిరిస్తే తేదీ పోయేది. తేదీ లేకపోతే వార్త నిలబడదు."

"ఒక్క మాట అడిగుంటే ఇంకో ఫొటో తీసిచ్చేదాన్ని కదా. ఆ రోజంతా రిజిస్టరు నా చేతిలోనే ఉంది."