చావు కబురుకి బంగారు స్టార్

కూర్మన్నపాలెంలో ఆదివారం ఆరాధన ముగిసింది. వారం క్రితం భార్యను పోగొట్టుకున్న మనిషి చర్చి మెట్ల మీద ఉన్నాడు. సంఘం ఫోన్ గ్రూపు నడిపే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“బావా, ఆ బంగారు స్టార్ నాను ఇవ్వలేదు. ఎక్కువమంది జవాబిచ్చిన పోస్టుకి యాప్ దానంతటదే ఇచ్చేత్తాది.”

“తెలుసు.”

“గ్రూపులో ఎవలూ మాటాడట్లేదని ఆ స్టార్లూ పాయింట్లూ పెట్టింది నానే. మీ ఇంటావిడ పోయిందని నువ్వెట్టిన కబురు కింద ‘అభినందనలు’ అని పడింది. నీ మొకం సూడలేకపోతన్నాను. ఇప్పుడే తీసేత్తాను.”

“తీసినా నా సిగ్గు పోదు బావా.”

“నీకేటి సిగ్గు?”

“ఆ స్టార్ సూడగానే నాకు సంతోషమేసింది. ఆవిడకి సూపిద్దామని ఫోనట్టుకుని వంటింట్లోకెళ్లాను.”