చచ్చిన మాడ్యూళ్లు నాలుగు

కార్నివాల్ పండగకి ముందు రోజు మధ్యాహ్నం. బర్రాంకియా ఊళ్లో ఒక రేకుల ఇంట్లో, వీధి పండగల్లో పాటలు మోగించే, బీరువాకి రెండింతలున్న పికో అనే స్పీకరు పెట్టె పక్కన, తమ్ముడు ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాడు. వంటింట్లోంచి అక్క చెవులు మూసుకుని పరుగెత్తుకొచ్చింది.

“ఆపరా! చెవులు చిల్లులు పడుతున్నాయి!”

“ఏంటక్కా ఆ గొణుగుడు? గట్టిగా చెప్పు.”

ఆమె అతని చెవిలో నోరు పెట్టి అరిచింది. “ఏం చేస్తున్నావ్?”

“పరీక్ష. పాట వచ్చే తీగ మీద వేలు పెడితే స్పీకరు బుర్రుమనాలి. ఇదిగో, పెట్టాను. ఏమైనా వినిపించిందా? శబ్దం పెంచే ఈ మాడ్యూలూ చచ్చింది.”

“మరి ఇంటి రేకులెందుకు ఊగుతున్నాయి?”

“ఈ నెలలో గాలి ఎప్పుడూ ఇంతేగా.”

“మరి వంటింట్లో గిన్నెలెందుకు మోగుతున్నాయి?”

“గాలే.”

“నోట్లో నా కట్టుడు పళ్లు కూడా గాలికే వణుకుతున్నాయా?”

“నలభై ఏళ్లుగా పికో మోగిస్తున్నాను, నాకు నేర్పకు. ఇది ఐదోది. ముందు నాలుగూ ఇలాగే చచ్చాయి.”

“వాటినేం చేశావు?”

“ఎదురింటి ఎలియేసెర్ పట్టుకుపోయాడు. చెత్తలో పడేస్తానన్నాడు, మంచివాడు. ఇదీ అడిగాడు.”

అక్క కిటికీ తెరిచింది. ఎదురింటి వాకిట్లో ఎలియేసెర్ కొత్త పికో వీధంతా అదిరిపోయేలా మోగుతోంది. ఆమె మళ్లీ తమ్ముడి చెవి దగ్గరికి వంగింది.

“రేపు కార్నివాల్ పికోల పోటీలో నీకు ఎదురు ఎవర్రా?”

“వాడే.” తమ్ముడు కిటికీలోంచి జాలిగా చూశాడు. “పాపం, పొద్దుట్నించీ వాడి పెట్టె నోరే విప్పలేదు.”